అంత్యక్రియల సంస్థ షేరు కొనే ముందు: ఖాతాలు ఎలా చదవాలి, లెక్క ఎక్కడ తప్పుతుంది

పుట్టినవాడు గిట్టక తప్పదు కాబట్టి ఈ వ్యాపారానికి గిరాకీ ఎప్పటికీ తగ్గదు. అంత్యక్రియల సంస్థల షేర్ల గురించి మొదట వినపడే మాట ఇదే. మాటలో అబద్ధం లేదు. కానీ దాన్ని నమ్ముకుని కొన్నవాళ్ల పెట్టుబడి కరిగిపోయిన సందర్భాలు అమెరికాలో, కెనడాలో, బ్రిటన్‌లో చాలా ఉన్నాయి. అక్కడెక్కడా జనం చనిపోవడం ఆగలేదు. దెబ్బ తగిలింది మూడు చోట్ల: కుటుంబం చెల్లించే ధర, సంస్థ నెత్తిన ఉన్న అప్పు, బతికున్నవాళ్ల దగ్గర ముందే వసూలు చేసిన డబ్బు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. కనీసం ఐదేళ్ల వార్షిక నివేదికలు ముందు పెట్టుకుని చదివితే దీని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది.

1. సంస్థను ముక్కలుగా విడదీయండి

బయటికి ఒకటే పేరు కనిపించినా లోపల సాధారణంగా నాలుగు వ్యాపారాలుంటాయి. అంత్యక్రియలు నిర్వహించే శాఖలు మొదటిది. ఇందులో పోటీ ఎక్కువ. ఒక గది, ఒక వాహనం, నమ్మకమైన మనిషి ఉంటే పక్క వీధిలో ఇంకొకరు తెరవగలరు. రెండోది దహనవాటికలు. వీటిని కట్టడానికి అనుమతులు దొరకడమే కష్టం. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 1902 నాటి దహన చట్టం ప్రకారం ఇళ్లకు 200 గజాల లోపు, రహదారికి 50 గజాల లోపు దహనవాటిక కట్టకూడదు. ఇళ్ల విషయంలో యజమాని, అద్దెదారు, అందులో ఉండేవారు ఒప్పుకుంటేనే మినహాయింపు. అందుకే ఉన్న దహనవాటికకు స్థానికంగా గట్టి పట్టు ఉంటుంది, లాభాల శాతమూ ఎక్కువే. మూడోది ఖనన స్థలాలు, అంటే ఒక రకంగా భూమి వ్యాపారం. నాలుగోది ముందస్తు పథకాల అమ్మకం, అంటే బతికుండగానే డబ్బు తీసుకుని తర్వాత అంత్యక్రియలు చేస్తామని మాటివ్వడం.

నివేదికలో విభాగాలవారీ సమాచారం ఉన్న పేజీ తీసి, ప్రతి విభాగం ఆదాయం, నిర్వహణ లాభం, అందులో పెట్టిన పెట్టుబడి రాసుకోండి. లాభంలో పెద్ద వాటా దహనవాటికల నుంచో ఖనన స్థలాల నుంచో వస్తుంటే అది ఒక రకం షేరు. శాఖల నుంచి వస్తుంటే పూర్తిగా వేరే షేరు. అమెరికాలోని సర్వీస్ కార్పొరేషన్ ఇంటర్నేషనల్‌కు అంత్యక్రియల శాఖలతో పాటు వందలాది ఖనన స్థలాలున్నాయి. హాంకాంగ్ స్టాక్ మార్కెట్లో 2013లో నమోదైన చైనా సంస్థ ఫు షౌ యువాన్‌కు రాబడిలో ఎక్కువ భాగం సమాధి స్థలాల నుంచే వస్తుంది. ఈ రెండింటి లాభ శాతాలను, ప్రధానంగా శాఖలే నడిపే సంస్థ లాభ శాతంతో పోల్చడం అర్థం లేని పని.

2. మరణాల సంఖ్యను అధికారిక గణాంకాల నుంచే తీసుకోండి

జనాభా వృద్ధాప్యంలోకి వెళ్తోంది, మరణాలు పెరుగుతాయి అన్న గ్రాఫు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ ఉంటుంది. అదే గ్రాఫు 1990లలోనూ ఉంది. బ్రిటన్‌లో 1990లో సుమారు 6.4 లక్షల మంది చనిపోయారు. జనాభా పెరిగి, వృద్ధులు పెరిగాక కూడా 2011లో ఆ సంఖ్య 5.5 లక్షలకు పడిపోయింది. వైద్యం మెరుగుపడి ఆయుష్షు పెరగడమే కారణం. అలల మాదిరి వస్తుందన్న గిరాకీ రెండు దశాబ్దాలు ఆలస్యమైతే, దాన్ని చూసి అప్పు చేసిన సంస్థ అంతకాలం వడ్డీ కడుతూ కూర్చోవాలి.

దీనికి తోడు ఏడాదికీ ఏడాదికీ ఊగిసలాట ఉంటుంది. చలికాలం ఫ్లూ తీవ్రంగా ఉంటే మొదటి మూడు నెలలు బాగుంటాయి, మరుసటి ఏడాది పోలిక చెడుతుంది. కోవిడ్ దీనికి పెద్ద ఉదాహరణ. అమెరికాలో 2019లో సుమారు 28.5 లక్షల మరణాలుంటే 2020లో 33.8 లక్షలు, 2021లో 34.6 లక్షలు నమోదయ్యాయి. 2023 నాటికి అవి 30.9 లక్షలకు దిగాయి. 2021 లాభాన్ని మామూలు లాభంగా తీసుకుని విలువ కట్టినవాళ్లు షేరు చవకగా ఉందనుకున్నారు.

చేయాల్సింది ఇది: సంస్థ నిర్వహించిన అంత్యక్రియల కార్యక్రమాల సంఖ్యను అది పనిచేసే ప్రాంతంలోని మొత్తం మరణాలతో భాగించండి. వచ్చేది మార్కెట్ వాటా. దీన్ని ఐదేళ్లకు వరసగా వేయండి. శాఖలు కొంటూ పోయినా వాటా కదలకుండా ఉందంటే, పాత శాఖలు కుటుంబాలను పోగొట్టుకుంటున్నాయని లెక్క.

3. ఒక్కో కార్యక్రమం మీద మిగిలేది లెక్కించండి

ఒక ఊహాత్మక సంస్థను తీసుకుందాం. ఏడాదికి 10,000 కార్యక్రమాలు, ఒక్కోదానికి సగటున 3,000 పౌండ్ల ఆదాయం, మొత్తం 3 కోట్లు. శవపేటిక, తాత్కాలిక సిబ్బంది లాంటి కార్యక్రమంతో పాటు పెరిగే ఖర్చులు ఒక్కోదానికి 900, అంటే 90 లక్షలు. జీతాలు, అద్దెలు, వాహనాలు, తరుగుదల కలిపి స్థిర ఖర్చు 1.5 కోట్లు. నిర్వహణ లాభం 60 లక్షలు.

ఇప్పుడు మూడు రకాలుగా కుదిపి చూడండి. మరణాలు 5 శాతం తగ్గితే 500 కార్యక్రమాలు పోతాయి, ఒక్కోదాని మీద మిగిలే 2,100 చొప్పున 10.5 లక్షలు తగ్గుతుంది. లాభం 17.5 శాతం పడింది. మరణాలు తగ్గకుండా సగటు ధర 5 శాతం తగ్గితే 15 లక్షలు పోతుంది, లాభం పావు వంతు పడింది. మూడోది చాలామంది లెక్కలో పెట్టనిది. పది కుటుంబాల్లో ఒకటి డైరెక్ట్ క్రిమేషన్‌కు మారిందనుకోండి. అంటే ప్రార్థన, ఊరేగింపు లేకుండా సంస్థకు వీలైన వేళ దహనం చేసి అస్థికలు అప్పగించడం. ధర 1,200, దాని ఖర్చు 700, మిగిలేది 500. వెయ్యి కార్యక్రమాల మీద 1,600 చొప్పున 16 లక్షలు పోయింది. కార్యక్రమాల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదు, అయినా లాభం 27 శాతం పడిపోయింది.

అందుకే సగటు ఆదాయం ఒక్కటే చూస్తే సరిపోదు. పూర్తి స్థాయి కార్యక్రమాలు, సాదా కార్యక్రమాలు, డైరెక్ట్ క్రిమేషన్ ఏ నిష్పత్తిలో ఉన్నాయో వెతకండి. గతంలో ఇస్తూ వచ్చిన ఈ విభజనను ఏదో ఒక ఏడాది నుంచి ఇవ్వడం మానేసిన సంస్థ విషయంలో జాగ్రత్తగా ఉండండి. సాధారణంగా అది మంచి వార్త ఉన్నప్పుడు జరగదు. ఖననం నుంచి దహనానికి మార్పు కూడా ఇలాంటిదే. అమెరికాలో దహనాల వాటా గత దశాబ్దంలో సగం దాటింది. దహనమైతే ఖరీదైన పేటిక, సమాధి స్థలం, రాతిఫలకం అమ్ముడుపోవు. బ్రిటన్‌లో ఈ మార్పు ఎప్పుడో పూర్తయింది, జపాన్‌లో దాదాపు అందరికీ దహనమే. కాబట్టి ఈ ప్రమాదం దేశాన్ని బట్టి ఉంటుంది.

ధరల విషయంలో ఇంకో మాట. దుఃఖంలో ఉన్న కుటుంబం బేరమాడదు, నాలుగు చోట్ల విచారించదు. ఏటా ధర పెంచుకుంటూ పోవడం కొంతకాలం సాగుతుంది. బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2018లో తేల్చిందేమిటంటే, అంతకు ముందు 14 ఏళ్లుగా అంత్యక్రియల ధరలు ఏటా 6 శాతానికి పైగా, అంటే ద్రవ్యోల్బణానికి సుమారు రెట్టింపు వేగంతో పెరిగాయి. అలా వచ్చిన లాభాన్ని సంస్థ బలంగా లెక్కగట్టకండి. అది ఏదో ఒక రోజు పోటీదారుకో, నియంత్రణ సంస్థకో తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. ఐదేళ్ల లాభ వృద్ధిలో ధర పెంపు ఎంత, కార్యక్రమాల పెరుగుదల ఎంత అన్నది విడదీయండి. వృద్ధి అంతా ధర నుంచే వచ్చిందంటే ఆ షేరుకు తక్కువ విలువ కట్టాలి.

4. ముందే తీసుకున్న డబ్బు: ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే

ముందస్తు పథకంలో మనిషి ఇవాళ డబ్బు కడతాడు, సంస్థ ఎన్నో ఏళ్ల తర్వాత సేవ చేస్తుంది. మధ్యకాలంలో ఆ డబ్బు ట్రస్టులోనో బీమా పాలసీలోనో ఉంటుంది. పథకం 3,500 పౌండ్లకు అమ్మారనుకోండి. అమ్మకపు ఖర్చులు 500 పోగా 3,000 ట్రస్టులోకి వెళ్లింది. 12 ఏళ్ల పాటు నికరంగా 3 శాతం రాబడి వస్తే అది సుమారు 4,277 అవుతుంది. అదే సేవకు ఇవాళ్టి ఖర్చు 2,400 అయితే, ఏటా 4 శాతం పెరిగితే అప్పటికి 3,842. మిగులు 435. ఖర్చు 5 శాతం చొప్పున పెరిగితే 4,310. మిగులు పోయి 33 పౌండ్ల లోటు వచ్చింది. ఒక్క శాతం తేడాతో మొత్తం లాభం ఆవిరైంది. సంస్థ చేతిలో ఇలాంటి పథకాలు లక్షల్లో ఉంటే ఆ తేడా ఎంత పెద్దదో మీరే గుణించి చూడండి.

నోట్స్‌లో, అంటే ఖాతాల వెనక ఉండే వివరణల్లో, ఈ వరుసలో వెతకండి. ట్రస్టు ఆస్తులు, బాధ్యతలు పక్కపక్కన ఎంత? బాధ్యతను లెక్కగట్టేటప్పుడు యాక్చువరీ (భవిష్యత్తు చెల్లింపులను అంచనా వేసే నిపుణుడు) ఏ రాబడి, ఏ ఖర్చు పెరుగుదల అనుకున్నారు? ట్రస్టు డబ్బు బాండ్లలో ఉందా, షేర్లలో ఉందా, అమ్మడానికి కుదరని ఆస్తుల్లో ఉందా? లోటు వస్తే పూడ్చేది ఎవరు? గతంలో ‘మిగులు’ పేరుతో సంస్థ ట్రస్టు నుంచి డబ్బు తీసుకుందా? వాయిదాల్లో కట్టేవాళ్లు మధ్యలో చనిపోతే మిగతా భారం ఎవరిది? హామీ ఇచ్చిన సేవల జాబితా కూడా చదవండి. దహనవాటిక రుసుము లాంటి బయటివారికి చెల్లించే మొత్తాలకు కూడా హామీ ఇచ్చి ఉంటే, ఆ ధరల మీద సంస్థకు అదుపు ఉండదు.

బ్రిటన్‌లో సేఫ్ హ్యాండ్స్ ప్లాన్స్ 2022 మార్చిలో కుప్పకూలినప్పుడు సుమారు 46,000 మంది పథకదారులు చిక్కుకుపోయారు. అదే ఏడాది జులై 29 నుంచి అక్కడ ఈ పథకాలు ఆర్థిక నియంత్రణ సంస్థ పరిధిలోకి వచ్చాయి. ఫోన్లు చేసి అమ్మడం, మధ్యవర్తులకు కమీషన్లు ఇవ్వడం ఆగిపోయాయి. నియంత్రణ రాకముందు కమీషన్లిచ్చి అమ్మకాలు ఉరికించిన సంస్థకు, వచ్చిన తర్వాత ఆ వృద్ధి ఉండదు.

లెక్కలు రాసే పద్ధతి ఇక్కడ కొత్తవాళ్లను తికమకపెడుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 కింద ముందుగా అందిన డబ్బు ఆదాయం కాదు, బాధ్యత. కాలవ్యవధి ఎక్కువ కాబట్టి ఆ బాధ్యత మీద ఏటా వడ్డీ లాంటి మొత్తం చేరుతూ పోతుంది. సేవ చేసిన రోజున, అందిన నగదు కంటే ఎక్కువ ఆదాయం నమోదవుతుంది. ట్రస్టు పెట్టుబడుల లాభనష్టాలు కూడా ఖాతాలో కలిసిపోతే నికర లాభం ఏటేటా గంతులేస్తుంది. అలాంటప్పుడు లాభాన్ని పక్కనపెట్టి నగదు ప్రవాహ పట్టిక నుంచి మొదలుపెట్టండి. బీమా ద్వారా నడిచే పథకాల్లో ఇంకో మెలిక ఉంది. బీమా కంపెనీ ఇచ్చే కమీషన్ అమ్మిన వెంటనే ఆదాయంగా కనిపిస్తుంది, సేవ భారం తర్వాత వస్తుంది. పథకాల అమ్మకం జోరుగా ఉన్నన్నాళ్లూ లాభం అసలు కంటే అందంగా ఉంటుంది.

5. అప్పును చెడ్డ ఏడాదికి పెట్టి చూడండి

పై ఊహాత్మక సంస్థకు 5 కోట్ల పౌండ్ల నికర అప్పు, 6 శాతం వడ్డీ, అంటే ఏటా 30 లక్షలు అనుకోండి. నిర్వహణ లాభానికి తరుగుదల 20 లక్షలు కలిపితే ఎబిటా, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం, 80 లక్షలు. అప్పు దానికి 6.25 రెట్లు. మార్కెట్ విలువ 4 కోట్లు. పింఛను నిధి లోటు 30 లక్షలు, ట్రస్టు లోటు 40 లక్షలు కూడా అప్పులాంటివే. అన్నీ కలిపితే సంస్థ మొత్తం ధర 9.7 కోట్లు, ఎబిటాకు సుమారు 12 రెట్లు.

పది శాతం కుటుంబాలు డైరెక్ట్ క్రిమేషన్‌కు మారాయి. ఎబిటా 64 లక్షలకు దిగింది. మార్కెట్‌కు భయం పట్టి 12 రెట్లకు బదులు 10 రెట్లే ఇస్తానంది. 6.4 కోట్లు. అందులోంచి అప్పు, లోట్లు కలిపి 5.7 కోట్లు తీసేస్తే వాటాదారులకు మిగిలేది 70 లక్షలు. నిన్న 4 కోట్లున్న చోట. ఈ లెక్కను మీరు చూస్తున్న సంస్థ అంకెలతో ఒకసారి చేయండి, పావుగంట పని. ఫలితం చూసి నిద్ర పట్టకపోతే కొనకండి.

ఇది కాగితం మీది భయం కాదు. 2004లో లండన్‌లో నమోదైన డిగ్నిటీ సంస్థ తన ఆస్తుల మీద దీర్ఘకాలిక బాండ్లు జారీ చేసి భారీగా అప్పు తెచ్చుకుంది. 2018 జనవరిలో పోటీ తట్టుకోలేక సాదా అంత్యక్రియల ధరను సుమారు పావు వంతు తగ్గించి 1,995 పౌండ్లు చేసింది. షేరు ఒక్క రోజులో దాదాపు సగానికి పడింది. ఆ బాండ్లలో ఎబిటా, ఏటా కట్టాల్సిన అసలు, వడ్డీ కలిపిన మొత్తానికి కనీసం 1.5 రెట్లు ఉండాలన్న షరతు ఉండేది. ఇలాంటి షరతును నోట్స్‌లో పట్టుకుని, ఎబిటా ఎంత శాతం పడితే గీత దాటుతుందో లెక్కించండి. ఆ శాతం 25 లోపే ఉంటే వాటాదారులకు భద్రత చాలదని మా అభిప్రాయం. అప్పు తీరే తేదీలు, వడ్డీ స్థిరమా మారేదా అన్నవి కూడా రాసుకోండి. తక్కువ వడ్డీకి తెచ్చిన అప్పు రెండేళ్లలో తీరాల్సి ఉంటే ఇవాళ్టి వడ్డీ ఖర్చును నమ్మకండి.

6. కొనుగోళ్లతో వచ్చిన వృద్ధిని వేరు చేయండి

చిన్న కుటుంబ సంస్థలను కొని కలుపుకోవడం ఈ రంగంలో పాత పద్ధతి. ఎబిటాకు 5 రెట్లకు కొన్న శాఖకు మార్కెట్ 12 రెట్ల విలువ కడుతుంటే కొన్నన్నాళ్లూ షేరు పెరుగుతూనే ఉంటుంది. తెలివైన ఎత్తే. అయితే కొనేవాళ్లు నలుగురైతే ధర పెరుగుతుంది, అప్పు పెరుగుతుంది. కెనడాకు చెందిన లోవెన్ గ్రూప్ ఇలాగే పెరిగింది. 1995లో మిసిసిపీ జ్యూరీ ఒక స్థానిక వ్యాపారితో వివాదంలో 50 కోట్ల డాలర్ల తీర్పు ఇస్తే, చివరికి 17.5 కోట్లకు రాజీ కుదిరింది. 1999లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. అదే ఏడాది సర్వీస్ కార్పొరేషన్ కూడా డివిడెండ్ ఆపేసింది, 2005 దాకా మళ్లీ ఇవ్వలేదు. రంగంలో అతి పెద్దదానికే అంత కాలం పట్టింది.

ఏడాది కంటే ఎక్కువ కాలంగా సొంతమైన శాఖల ఆదాయం విడిగా ఎంత పెరిగిందో చూడండి. గుడ్‌విల్ (కొన్న సంస్థ ఆస్తుల విలువకు మించి చెల్లించిన మొత్తం) రద్దులు ఏ ఏళ్లలో వచ్చాయో చూడండి. శాఖ అమ్మిన పాత యజమాని ఇంకా అక్కడే పనిచేస్తున్నాడా అన్నది యాజమాన్యాన్ని అడగదగ్గ ప్రశ్న. ఊరివాళ్లు నమ్మేది ఆ మనిషిని, బోర్డు మీది పేరును కాదు. అతను ఒప్పందం గడువు తీరాక బయటికి వెళ్లి కొత్త శాఖ తెరిస్తే కొన్నదానిలో గోడలే మిగులుతాయి.

7. నియంత్రణ

సంస్థ ఉన్న దేశంలో ధరల వెల్లడికి, ముందస్తు పథకాలకు, దహనవాటికల అనుమతులకు ఏ చట్టాలున్నాయో ఒక పేజీలో రాసుకోండి. అమెరికాలో 1984 నుంచి ఫ్యునరల్ రూల్ కింద అంశాలవారీ ధరల పట్టిక ఇవ్వాలి. బ్రిటన్‌లో 2021 ఉత్తర్వు తర్వాత ప్రామాణిక ధరల పట్టికను శాఖలోనూ వెబ్‌సైట్‌లోనూ పెట్టడం తప్పనిసరైంది. మీకూ ఇది ఉపయోగమే: సంస్థ ధరలను అదే ఊళ్లోని స్వతంత్ర నిర్వాహకుల ధరలతో ఇంట్లో కూర్చునే పోల్చవచ్చు. పది ఊళ్లు తీసుకోండి. ప్రతిచోటా 30 శాతం ఎక్కువుంటే, ఆ తేడాకు తగిన సేవ ఉందో లేదో కుటుంబాల సమీక్షలు చదివితే తెలుస్తుంది.

8. లాభం నగదుగా మారుతోందా?

నిర్వహణ నగదులోంచి ఆస్తుల నిర్వహణకు తప్పనిసరిగా పెట్టే ఖర్చు తీసేయండి. దహన యంత్రాల లోపలి వేడిని తట్టుకునే ఇటుక పొరను కొన్నేళ్లకోసారి మార్చాలి. పాదరసం వడపోత పరికరాలు, వాహనాలు, శాఖల మరమ్మతులు ఉంటాయి. ఈ ఖర్చు వరసగా మూడేళ్లు తరుగుదల కంటే బాగా తక్కువుంటే సంస్థ రేపటి ఖర్చును వాయిదా వేస్తోంది. మన ఉదాహరణలో ఎబిటా 80 లక్షల నుంచి నిర్వహణ పెట్టుబడి 25, వడ్డీ 30, పన్ను 7.5 లక్షలు తీసేస్తే 17.5 లక్షలు మిగిలింది. 4 కోట్ల మార్కెట్ విలువ మీద 4.4 శాతం. డివిడెండ్ ఇంతకు మించి ఇస్తుంటే ఆ డబ్బు ఎక్కడిదని అడగండి.

అమెరికాలోని స్టోన్‌మోర్ ఖనన స్థలాల సంస్థ ఏళ్లపాటు ఆకర్షణీయమైన పంపిణీలు ఇచ్చింది. ముందస్తు అమ్మకాల డబ్బులో చాలా భాగం ట్రస్టుల్లో బందీగా ఉండేది. చేతికొచ్చే నగదు చాలక కొత్త యూనిట్లు (ఆ సంస్థలో షేర్ల లాంటి వాటాలు) అమ్మి, అప్పు తెచ్చి తేడా పూడ్చింది. 2016లో పంపిణీని సగానికి కోసినప్పుడు యూనిట్ ధర కుప్పకూలింది. ఆదాయం కోసం కొనేవాళ్లు ఈ ఒక్క సంస్థ నగదు ప్రవాహ పట్టిక చదివితే చాలా నేర్చుకోవచ్చు.

9. ధర నిర్ణయించుకుని కొనడం, తర్వాత కాపలా కాయడం

విలువ కట్టేటప్పుడు మామూలు ఏడాది మరణాలు తీసుకోండి, కోవిడ్ ఏళ్లను వదిలేయండి. మంచి ఏడాది, మామూలు ఏడాది, డైరెక్ట్ క్రిమేషన్ పెరిగిన ఏడాది అని మూడు అంచనాలు వేసి, మూడోదానిలో కూడా అప్పు షరతులు దాటని సంస్థనే పరిశీలనలో ఉంచుకోండి. ఇలాంటి చిన్న సంస్థల షేర్లలో రోజువారీ లావాదేవీలు తక్కువ, కాబట్టి ధర పరిమితి పెట్టి మాత్రమే ఆర్డర్ వేయండి.

ఈ రంగంలో ఇంకో విశేషం ఉంది. ధర బాగా పడినప్పుడు పెద్ద పెట్టుబడిదారులు మొత్తం సంస్థను కొనేసి మార్కెట్ నుంచి తప్పిస్తారు. డిగ్నిటీ, ఆస్ట్రేలియాకు చెందిన ఇన్వోకేర్ 2023లో, కెనడాకు చెందిన పార్క్ లాన్ 2024లో అలా వెళ్లిపోయాయి. అడుగున కొన్నవాళ్లకు అది లాభం. శిఖరం దగ్గర కొని ‘ఎప్పటికైనా కోలుకుంటుంది’ అని పట్టుకున్నవాళ్లకు ఆ ఎప్పటికైనా రాకుండానే ఖాతా మూతపడింది. డిగ్నిటీని కొన్న ధర షేరుకు 550 పెన్నీలు. 2018 జనవరి పతనం జరిగిన వెంటనే కూడా షేరు అంతకంటే పైనే ఉండేది.

కొన్న తర్వాత ప్రతి ఫలితాల ప్రకటనలో ఐదు అంకెలే చూడండి: మార్కెట్ వాటా, సగటు ఆదాయం, డైరెక్ట్ క్రిమేషన్ శాతం, ట్రస్టు ఆస్తులకు బాధ్యతలకు ఉన్న నిష్పత్తి, అప్పు షరతు గీతకు మిగిలిన దూరం. వాటా వరసగా రెండేళ్లు తగ్గుతూ సగటు ధర పెరుగుతుంటే అమ్మే ఆలోచన మొదలుపెట్టండి. ట్రస్టు అంచనాల్లో రాబడి శాతాన్ని కారణం చెప్పకుండా పెంచితే ఆలోచన ఆపి అమ్మేయండి.